వైన్ పీపాలో మాగిన బోర్బన్: రుచి చూసే తీరు, తూచే తీరు

బోర్బన్ విస్కీని కొత్త ఓక్ పీపాల్లో కొన్నేళ్లు మాగబెట్టాక, అంతకుముందు వైన్ నిల్వ ఉన్న పీపాల్లోకి మార్చి మరికొన్ని వారాలో నెలలో ఉంచడాన్ని వైన్ కాస్క్ ఫినిషింగ్ అంటారు. మొదటి పీపా విస్కీకి రంగు, వనిలా పరిమళం, పంచదార పాకం రుచి ఇస్తుంది. రెండో పీపా వాటిమీద పండ్ల వాసన, మరో రకం తీపి, కొంత వగరు చేరుస్తుంది. ఇలాంటి విస్కీని అంచనా కట్టేవారు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రెండో పీపా ఏం చేర్చింది? చేర్చే క్రమంలో అసలు బోర్బన్‌లో ఏది మరుగున పడింది? చాలామంది మొదటి ప్రశ్నతో ఆగిపోతారు. మంచిచెడ్డలు తేలేది రెండో ప్రశ్న దగ్గరే.

చట్టం గీసిన గీత

బోర్బన్ అనే పేరు పెట్టుకోవడానికి అమెరికా ఫెడరల్ నిబంధనలు గట్టి షరతులు విధించాయి. విస్కీ అమెరికాలోనే తయారవ్వాలి. ధాన్యాల మిశ్రమంలో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. మిగతా భాగం సాధారణంగా రై ధాన్యం, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. కొన్ని కంపెనీలు రైకి బదులు గోధుమ వాడతాయి. బట్టీ నుంచి దిగేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం మించకూడదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు. సీసాలోకి వచ్చేసరికి కనీసం 40 శాతం ఉండాలి. పీపా ఓక్ చెక్కతో చేసిన కొత్తదై, లోపలి గోడలు మంటతో కాల్చినవై ఉండాలి. రంగులు, రుచి ద్రవ్యాలు కలపకూడదు. కనీసం రెండేళ్లు మాగితే దాన్ని స్ట్రెయిట్ బోర్బన్ అనవచ్చు. నాలుగేళ్లు నిండకపోతే వయసును లేబుల్ మీద చెప్పి తీరాలి. 1964లో అమెరికన్ కాంగ్రెస్ బోర్బన్‌ను తమ దేశపు విశిష్ట ఉత్పత్తిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. కెంటకీ రాష్ట్రం దీనికి పుట్టినిల్లుగా పేరు పొందినా, అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా బోర్బన్ తయారు చేయవచ్చు.

వైన్ పీపా కొత్తది కాదు. అందువల్ల అందులోకి మారిన విస్కీని నిబంధనల ప్రకారం వట్టి 'బోర్బన్' అని అమ్మడానికి వీల్లేదు. మద్యం లేబుళ్లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ టీటీబీ అలాంటి విస్కీని ప్రత్యేక ఉత్పత్తుల తరగతిలో పెడుతుంది. జరిగిన పనిని లేబుల్ ఉన్నదున్నట్టు చెప్పాలి. అందుకే ఈ సీసాల మీద 'పోర్ట్ వైన్ పీపాల్లో ఫినిష్ చేసిన కెంటకీ స్ట్రెయిట్ బోర్బన్' వంటి పొడవాటి వాక్యం కనిపిస్తుంది. వైన్ పీపాలో ఉంచడం వేరు, రుచి ద్రవ్యాలు కలపడం వేరు. తేనె, చెర్రీ, యాపిల్ వంటి రుచులు కలిపిన విస్కీ 'ఫ్లేవర్డ్ విస్కీ' అనే మరో తరగతిలోకి వెళుతుంది.

స్కాట్లాండ్ నుంచి కెంటకీకి

కొత్త పీపానే వాడాలన్న నిబంధన వల్ల కెంటకీలో ఏటా లక్షల పీపాలు ఒక్క వాడకంతో ఖాళీ అవుతాయి. వాటిని స్కాట్లాండ్, ఐర్లండ్ డిస్టిలరీలు ఎప్పటినుంచో కొనుక్కుంటున్నాయి. స్పెయిన్ నుంచి వచ్చే షెర్రీ పీపాలూ వాళ్లకు అలవాటే. ఒకే విస్కీని మొదట ఒక రకం పీపాలో, తర్వాత మరో రకం పీపాలో ఉంచితే ఏమవుతుందని 1980లలో బాల్వెనీ డిస్టిలరీలో డేవిడ్ స్టీవర్ట్ ప్రయోగాలు చేశాడు. వాటి ఫలితంగా బోర్బన్ పీపాలో మాగి, షెర్రీ పీపాలో ముగిసే 'డబుల్‌వుడ్' 1993లో వచ్చింది. అదే దశకంలో గ్లెన్‌మోరంజీ కూడా పోర్ట్ వంటి వైన్ పీపాలతో ఫినిష్ చేసిన విస్కీలను జనానికి పరిచయం చేసింది.

అమెరికాలో ఈ పద్ధతి ఆలస్యంగా నిలదొక్కుకుంది. కాలిఫోర్నియాలోని సొనోమా-కట్రర్ వైనరీ నుంచి తెచ్చిన షార్డనే పీపాల్లో ఫినిష్ చేసిన విస్కీని వుడ్‌ఫర్డ్ రిజర్వ్ 2007లో పరిమిత సంఖ్యలో విడుదల చేసింది. ఈ తరహాను మామూలు దుకాణాల అరల దాకా తెచ్చింది మాత్రం ఏంజెల్స్ ఎన్వీ. బ్రౌన్-ఫోర్‌మన్ కంపెనీలో దశాబ్దాలపాటు పనిచేసి, వుడ్‌ఫర్డ్ రిజర్వ్ రూపకల్పనలో ముఖ్యపాత్ర పోషించిన మాస్టర్ డిస్టిలర్ లింకన్ హెండర్సన్, పదవీ విరమణ తర్వాత కొడుకు వెస్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. బోర్బన్‌ను రూబీ పోర్ట్ పీపాల్లో మూడు నుంచి ఆరు నెలలు ఉంచి, 43.3 శాతం ఆల్కహాల్‌తో సీసాల్లో నింపారు. లింకన్ 2013లో మరణించాడు. 2015లో ఆ సంస్థను బకార్డీ కొనుగోలు చేసింది.

ఆ తర్వాత చాలా కంపెనీలు ఈ దారి పట్టాయి. జెఫర్సన్స్ సంస్థ నాపా లోయలోని గ్రోత్ వైనరీ పీపాలను వాడింది. వర్జీనియాలోని ఎ.స్మిత్ బౌమన్ డిస్టిలరీ ఐజాక్ బౌమన్ పేరుతో పోర్ట్ పీపాల బోర్బన్ తెచ్చింది. 2019లో వచ్చిన లెజెంట్ కోసం జిమ్ బీమ్ మాస్టర్ డిస్టిలర్ ఫ్రెడ్ నో, సంటోరీ చీఫ్ బ్లెండర్ షింజీ ఫుకుయో చేతులు కలిపారు. అందులో మామూలు బోర్బన్, వైన్ పీపాల్లో ఉంచిన బోర్బన్, షెర్రీ పీపాల్లో ఉంచిన బోర్బన్ కలుస్తాయి.

పీపాలో జరిగేది

బోర్బన్ పీపా సుమారు 200 లీటర్లది. అమెరికన్ తెల్ల ఓక్‌తో చేస్తారు. లోపల నిమిషంలోపే మంట పెట్టి కాలుస్తారు. బాగా కాల్చిన రకానికి దాదాపు 55 సెకన్లు పడుతుంది. గోడ మీద బొగ్గు పొర, దాని వెనక వేడికి మారిన ఎర్రటి చెక్క పొర ఏర్పడతాయి. చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వనిలిన్ పుడుతుంది. హెమిసెల్యులోజ్ చక్కెరలుగా విడిపోయి, వేడికి మాడి పాకం రుచినిస్తుంది. ఓక్ లాక్టోన్ల వల్ల కొబ్బరి వాసన, యూజెనాల్ వల్ల లవంగపు ఘాటు వస్తాయి. కొత్త సారాలోని గంధకపు వాసనను బొగ్గు పొర చాలావరకు పీల్చుకుంటుంది. బోర్బన్ మూల స్వభావం ఇలా మొదటి పీపాలోనే తయారైపోతుంది.

వైన్ పీపా కథ వేరు. దాన్ని మంటలో కాల్చరు, సెగ మాత్రమే చూపిస్తారు. ఫ్రెంచ్ ఓక్‌తో చేసినవి ఎక్కువ. వాటిలో కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్లు తక్కువ, వగరునిచ్చే టానిన్లు ఎక్కువ. చింతపండు పులుసు కాచీ కాచీ మట్టికుండ పులుపును ఒంట పట్టించుకున్నట్టే, వైన్ పీపా చెక్క కొన్ని మిల్లీమీటర్ల లోతున వైన్‌ను పీల్చుకుని ఉంటుంది. 225 లీటర్ల పీపా పలకల్లో అలా ఇంకిన వైన్ లీటర్లలోనే ఉంటుంది. ఘాటైన విస్కీ పోయగానే అందులోని ఆల్కహాల్ ఆ వైన్‌ను బయటికి లాగుతుంది. వైన్ రంగు, ఆమ్లాలు, పండ్ల పరిమళాలు, తీపి వైన్ అయితే చక్కెర కూడా విస్కీలో కలుస్తాయి. అంటే వైన్ పీపా నుంచి వచ్చే రుచికి మూలాలు రెండు: చెక్కలో ఇంకిన వైన్ ఒకటి, చెక్క మరొకటి. రుచి చూసేటప్పుడు ఈ రెంటినీ వేరు చేయగలిగితే సగం పని అయినట్టే. పండు వైన్‌ది, నాలుకను పట్టే వగరులో ఎక్కువ భాగం చెక్కది.

ఎంతకాలం ఉంచాలన్నది బ్లెండర్ నిర్ణయం. కొన్ని వారాలతో ముగించేవారు ఉన్నారు, ఏడాది దాటించేవారూ ఉన్నారు. పీపా ఎంత తాజాగా ఖాళీ అయింది, దాని పరిమాణం ఎంత, గోదాములో వేడి ఎంత అన్నవి కాలాన్ని మారుస్తాయి. పోర్ట్ పైప్ 550 లీటర్ల వరకూ, షెర్రీ బట్ 500 లీటర్ల వరకూ పట్టే పెద్ద పీపాలు. విస్కీకి చెక్క తగిలే వంతు వాటిలో తక్కువ గనక పని నెమ్మదిగా సాగుతుంది. ఒకసారి పట్టిన రుచిని వెనక్కి తీయడం కుదరదు. మోతాదు మించితే ఫినిష్ చేయని బోర్బన్ కలిపి తగ్గించడమే మార్గం.

ఏ వైన్ ఏమిస్తుంది

బోర్బన్ ఫినిషింగ్‌లో ఎక్కువ వాడుకలో ఉన్నది పోర్ట్. ఇది పోర్చుగల్‌లోని డోరో లోయ వైన్. ద్రాక్షరసం పూర్తిగా పులియకముందే 77 శాతం ద్రాక్ష సారా పోసి పులియడాన్ని ఆపేస్తారు. దానివల్ల పండు చక్కెర మిగిలిపోతుంది, ఆల్కహాల్ 19 నుంచి 22 శాతానికి చేరుతుంది. రూబీ పోర్ట్ పీపా చెర్రీ, ప్లమ్ వంటి ఎర్ర పండ్ల రుచినిస్తుంది. పీపాల్లో ఎక్కువకాలం గడిపిన టానీ పోర్ట్ నుంచి అక్రోటు, ఎండు పండ్ల వాసనలు వస్తాయి. మొక్కజొన్న సహజమైన తీపికి పోర్ట్ తీపి సులభంగా జత కుదురుతుంది. ఆ జత హద్దు దాటి పాకంలా మారే ప్రమాదమూ ఇక్కడే ఎక్కువ.

షెర్రీ స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతానిది. గాలి తగిలేలా మాగబెట్టే ఒలరోసో రకం సహజంగా తీపి లేనిది. అక్రోటు, తోలు, నారింజ తొక్క వాసనలు చేరుస్తుంది. ఎండలో ఆరబెట్టిన ద్రాక్షతో చేసే పెడ్రో హిమెనెజ్ చిక్కని తీపి వైన్. దాని పీపా నుంచి ఎండుద్రాక్ష, ఖర్జూరం, అంజీర్, నల్లబెల్లం గుర్తుకు తెచ్చే రుచులు వస్తాయి. పోర్చుగీసు దీవి మదీరాలో వైన్‌ను కావాలనే వేడిలో మాగబెడతారు. దాని పీపా మాడిన పంచదార రుచితో పాటు చురుకైన పులుపునూ ఇస్తుంది.

కాబర్నే సావిన్యాన్ వంటి తీపిలేని ఎర్ర వైన్ పీపాలతో పని కష్టం. వాటిలో చక్కెర దాదాపు ఉండదు. నల్ల పండ్ల రుచి, టానిన్ ఉంటాయి. బోర్బన్‌కు మొదటి పీపా నుంచే కావలసినంత టానిన్ వచ్చి ఉంటుంది. దానికి ఇది తోడైతే నోరు పిడచకట్టుకుపోవచ్చు. పొదుపుగా వాడితే మాత్రం బోర్బన్ తీపికి పగ్గం వేసి, చప్పరించే కొద్దీ కొత్త పొరలు విప్పుతుంది. పీనో న్వార్ ఇంతకంటే సున్నితం. షార్డనే పీపాలు యాపిల్, వెన్న ఛాయలిస్తాయి. బూజుపట్టిన ద్రాక్షతో చేసే ఫ్రెంచ్ తీపి వైన్ సోటర్న్ పీపాలు తేనె, ఆప్రికాట్ పరిమళం చేరుస్తాయి.

రుచికి ముందు ఏర్పాట్లు

అడుగు వెడల్పుగా, అంచు ఇరుకుగా ఉండే గ్లాసు కావాలి. 2001లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఈ పనికి ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఒక్కో నమూనాకు 15 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. ఒక విడతలో నాలుగైదు నమూనాలు మించితే నాలుక, ముక్కు మొద్దుబారతాయి. న్యాయనిర్ణేతలు రుచి చూశాక మింగకుండా ఉమ్మేస్తారు; అది మర్యాద తప్పడం కాదు, పనిలో భాగం. గదిలో అగరుబత్తి, అత్తరు, పోపు వాసనలు ఉండకూడదు. కారపు భోజనం చేసిన వెంటనే కూర్చోకూడదు. ప్రతి నమూనాకూ మధ్య మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్ లేదా రొట్టె ముక్క తీసుకుంటారు.

వైన్ పీపాల బోర్బన్‌ను ఒంటరిగా రుచి చూస్తే తీర్పు దారి తప్పుతుంది. అదే సంస్థ అదే రకం ధాన్య మిశ్రమంతో చేసిన, ఫినిషింగ్ చేయని బోర్బన్‌ను పక్కన పెట్టుకోవాలి. అది దొరక్కపోతే దగ్గరి వయసు, దగ్గరి బలం ఉన్న మామూలు కెంటకీ బోర్బన్ అయినా ఉండాలి. ముందు మామూలుదాన్ని, తర్వాత ఫినిష్ చేసినదాన్ని చూడాలి. తీపి వైన్ ముద్ర నాలుక మీద ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఈ వరస తారుమారైతే మామూలు బోర్బన్ చప్పగా అనిపిస్తుంది. ఇతరులతో కలిసి చూసేటప్పుడు సీసాలు దాచి, గ్లాసులకు అంకెలు మాత్రమే ఇస్తే పేరు ప్రఖ్యాతులు, ధరలు తీర్పులోకి చొరబడవు.

కన్ను, ముక్కు

గ్లాసును తెల్ల కాగితం ముందు పట్టుకుని రంగు చూడాలి. మామూలు బోర్బన్‌ది తేనె రంగు నుంచి రాగి రంగు వరకు ఉంటుంది. పోర్ట్, ఎర్ర వైన్ పీపాల నుంచి వచ్చినదానిలో గులాబీ లేదా కుంకుమ ఛాయ తొంగిచూస్తుంది. పీపా తాజాదనానికి అది ఒక ఆధారం. నాణ్యతకు మాత్రం కొలమానం కాదు. గ్లాసు గోడల మీద జారే ధారలు ఆల్కహాల్ బలాన్ని సూచిస్తాయే గానీ రుచి గురించి ఏమీ చెప్పవు.

గ్లాసులో పోశాక పది నిమిషాలు కదపకుండా ఉంచితే పైన పేరుకున్న ఆల్కహాల్ ఘాటు తగ్గుతుంది. ముక్కును గ్లాసులో ముంచేయకుండా అంచు దగ్గర పట్టి, నోరు కొద్దిగా తెరిచి, తేలిగ్గా పీల్చాలి. వైన్‌ను తిప్పినట్టు విస్కీని గట్టిగా గిరగిరా తిప్పితే ఘాటు ఒక్కసారిగా లేచి ముక్కును మొద్దుబారుస్తుంది.

వాసన అందే క్రమాన్ని గమనించడం ముఖ్యం. పోర్ట్ ఫినిష్‌లో సాధారణంగా పండు ముందు పలకరిస్తుంది. కాసేపాగి మళ్లీ చూస్తే వనిలా, పాకం, కాలిన చెక్క, లవంగం, దాల్చినచెక్క వంటి బోర్బన్ గుర్తులు లేచి రావాలి. అవి ఎంతసేపటికీ రాకపోతే వైన్ పైచేయి సాధించిందన్నమాట. వాసనలను క్రమంలో పెట్టుకోవడానికి వుడ్‌ఫర్డ్ రిజర్వ్ వాడే రుచి చక్రం ఉపయోగపడుతుంది. అందులో తీపి పరిమళాలు, పండ్లు-పూలు, మసాలా, చెక్క, ధాన్యం అని ఐదు భాగాలున్నాయి. మంచి ఫినిష్‌లో పండ్లు-పూల భాగం పెరిగినా మిగతా నాలుగూ ఖాళీ కావు. అన్నిటికన్నా ముందు కనుమరుగయ్యేది ధాన్యపు వాసన. మొక్కజొన్న పొత్తు కమ్మదనమో, రై ఘాటో ఇంకా తెలుస్తుంటే ఆ ఫినిషింగ్ చేయి తిరిగిన పనే.

విదేశీ రుచి పట్టికల్లో బ్లాక్ కరంట్, డ్యామ్సన్ వంటి పేర్లు కనిపిస్తాయి. అవి ఎన్నడూ తినని వారు వాటిని అరువు తెచ్చుకోనక్కరలేదు. నేరేడు, ఎండుద్రాక్ష, ఖర్జూరం, తాటిబెల్లం, జాజికాయ, కొబ్బరి లౌజు అని రాసుకున్నా చాలు. రాసుకున్న మాట ఆ వాసనను రాసినవారికి మళ్లీ గుర్తు చేయగలగాలి, మరో గ్లాసుతో పోల్చడానికి పనికిరావాలి.

నాలుక, గొంతు

మొదటి గుక్క తీర్పు కోసం కాదు, నాలుకను ఆల్కహాల్‌కు అలవాటు చేయడానికి. రెండో గుక్కను నోట్లో పది సెకన్లపాటు అన్ని వైపులకూ తిప్పి, నమిలినట్టు చేయాలి. జిమ్ బీమ్ మాస్టర్ డిస్టిలర్ బుకర్ నో అలవాటుగా పాటించిన ఈ తీరుకు 'కెంటకీ చ్యూ' అని పేరు. నోట్లోని ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కుకు చేరినప్పుడే రుచి పూర్తిగా తెలుస్తుంది.

ఈ దశలో మూడు విషయాలు చూడాలి. మొదటిది తీపి. అది నాలుక మీద పరుచుకుని తగ్గిపోతోందా, లేక పూతలా అంటుకుని మిగతా రుచులను కప్పేస్తోందా? రెండోది వగరు. చిగుళ్లు కొద్దిగా పట్టినట్టుంటే విస్కీకి నడుము ఉన్నట్టు. నాలుక గరుకెక్కి ఎండిపోతే చెక్క మోతాదు మించింది. మూడోది పులుపు. వైన్ ఆమ్లం కొద్దిగా ఉంటే తీపికి వెలుగొస్తుంది. విడిగా తేలితే విస్కీ పల్చబడినట్టు అనిపిస్తుంది. ధాన్య మిశ్రమం ప్రభావం కూడా ఇక్కడే బయటపడుతుంది. రై ఎక్కువున్న బోర్బన్‌లోని మిరియపు ఘాటు తీపి వైన్‌కు ఎదురు నిలుస్తుంది. గోధుమ వాడిన మెత్తని బోర్బన్‌కు ఆ బలం తక్కువ, కాబట్టి బ్లెండర్ మరింత పొదుపుగా వ్యవహరించాలి.

మింగాక ఛాతీలో పాకే వెచ్చదనాన్ని కెంటకీలో ముద్దుగా కౌగిలి అంటారు. ఆ తర్వాత నోట్లో మిగిలే రుచి నిడివిని, అది మారే వరసను గమనించాలి. బాగా కుదిరిన విస్కీలో పండు ముందు తగ్గుతుంది. ఓక్, పాకం, మసాలా దినుసులు నెమ్మదిగా పైకొచ్చి చివరిదాకా నిలుస్తాయి. నాసిరకం ఫినిష్‌లో పండు తీపి ఒక్కసారిగా ఆగిపోయి, వెనక ముడి సారా ఘాటో, చేదో మిగులుతుంది. బాగా మాగని విస్కీ లోపాన్ని వైన్‌తో కప్పిపుచ్చారా అన్న అనుమానం తీరేది ఈ చివరి నిమిషంలోనే. ముక్కును, నాలుక కొసను తీపి మభ్యపెట్టగలదు. మింగాక మిగిలేదాన్ని మభ్యపెట్టలేదు.

నీటి చుక్క పరీక్ష

రుచి చూడటంలో నీళ్లు కలపడం తప్పు కాదు. నీళ్లు చేరినప్పుడు విస్కీలోని గ్వయకాల్ వంటి పరిమళ అణువులు ద్రవం పైభాగానికి చేరే అవకాశం పెరుగుతుందని స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. బ్లెండర్లు విస్కీని 20 శాతం బలానికి పలుచన చేసి వాసన చూడటం పాత అలవాటే.

వైన్ పీపాల బోర్బన్‌కు ఈ పరీక్ష మరింత పనికొస్తుంది. నాలుగైదు చుక్కలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. వైన్, విస్కీ ఒకదానిలో ఒకటి కరిగిపోయి ఉంటే రెండూ సమంగా విచ్చుకుంటాయి. కరగకపోతే నీటితో రెండూ విడిపోతాయి: ఒక పక్క పలుచని ద్రాక్షరసం, మరో పక్క తడిసిన చెక్క. ఐస్ ముక్కలు వాసనను అణచివేసి వగరును పెంచుతాయి గనక అంచనా కట్టేటప్పుడు వాడరు.

తరచూ కనిపించే లోపాలు

దగ్గుమందును గుర్తుచేసే తీపి పోర్ట్ ఫినిష్‌లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. ఎర్ర పండ్ల తీపి, లవంగపు ఘాటు, ఆల్కహాల్ మూడూ పొందిక లేకుండా కలిస్తే ఇలా అవుతుంది. ఖాళీ పీపాలో బూజు, పులుపు చేరకుండా గంధకం కాల్చి పొగ పెడతారు. అది ఎక్కువైతే విస్కీలో అగ్గిపుల్ల, రబ్బరు వాసన తేలుతుంది. ఖాళీ పీపాను నిర్లక్ష్యంగా వదిలేస్తే లోపలి వైన్ పులిసి వినెగర్‌గా మారుతుంది. అప్పుడు పుల్లటి ఘాటు, నెయిల్ పాలిష్ వాసన వస్తాయి. చెక్క మోతాదు మించితే మరగకాచిన టీ డికాక్షన్ లాంటి చేదు మిగులుతుంది. వీటన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైన లోపం ఒకటుంది: తాగడానికి ఏ ఇబ్బందీ లేకుండా ఉండి, బోర్బన్ అని మాత్రం అనిపించకపోవడం. వరుసగా చూస్తే తప్ప ఇది బయటపడదు.

మార్కులు వేసే పద్ధతి

మార్కులకు ఒకే పద్ధతి లేదు. జిమ్ మర్రే తన 'విస్కీ బైబిల్'లో వాసన, రుచి, మింగాక మిగిలే రుచి, పొందిక అనే నాలుగింటికి 25 చొప్పున 100 మార్కులు వేస్తాడు. శాన్ ఫ్రాన్సిస్కో వరల్డ్ స్పిరిట్స్ కాంపిటీషన్‌లో నిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూస్తారు. బల్ల దగ్గరున్న అందరూ స్వర్ణం ఇస్తేనే డబుల్ గోల్డ్ దక్కుతుంది.

ఇంట్లో స్నేహితులతో కూర్చుని చూసేవారికి నాలుగు భాగాల పద్ధతి చాలు. అయితే వైన్ పీపాల విస్కీకి పొందిక భాగాన్ని రెండుగా చీల్చుకుంటే మేలు. సగం మార్కులు వైన్, ఓక్, ధాన్యం కలిసిన తీరుకు. మిగతా సగం, పక్కన పెట్టుకున్న మామూలు బోర్బన్ కంటే ఇది మెరుగైందా అన్న ప్రశ్నకు. మార్కులు వేశాక అరగంట ఆగి, అదే గ్లాసు మళ్లీ చూడాలి. మొదటి ఆకర్షణతో నెగ్గినవి ఆ అరగంటలో వెనకబడుతుంటాయి. తీపి ఎక్కువున్న నమూనాకు మొదటి గుక్కలో మార్కులు ఎక్కువ పడటం, గ్లాసు సగమయ్యేసరికి మొహం మొత్తడం మామూలే.

లేబుల్, ధర

లేబుల్ మీద చూడవలసినవి నాలుగు. ఫినిష్ చేయకముందు అది స్ట్రెయిట్ బోర్బనేనా? వయసు చెప్పారా? ఏ రకం వైన్ పీపా, ఎంతకాలం ఉంచారు? ఆల్కహాల్ బలం ఎంత? అమెరికాలో బలాన్ని ప్రూఫ్‌లో చెబుతారు. అది శాతానికి రెట్టింపు, అంటే 100 ప్రూఫ్ 50 శాతానికి సమానం. 'వైన్ పీపాలు' అని మాత్రమే రాసి రకం చెప్పని సీసా కంటే పోర్ట్, షెర్రీ, కాబర్నే అని విడమరిచి చెప్పినది నమ్మదగ్గది. వైన్ పీపాల ఖర్చు, అదనపు కాలం, ఆవిరైపోయే విస్కీ కలిసి ధరను పెంచుతాయి. ఆ అదనపు ధరకు తగ్గ రుచి అదనంగా వచ్చిందో లేదో పక్కన పెట్టుకున్న మామూలు బోర్బనే తేలుస్తుంది.

భారతదేశం 2025 ఫిబ్రవరిలో బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. రాష్ట్రాల పన్నులు దీనికి అదనం. పీపాలు మార్చే పద్ధతి ఇక్కడి డిస్టిలరీలకూ చేరింది. హర్యానాలోని పిక్కడిలీ సంస్థ తయారుచేసే ఇంద్రి ట్రిని సింగిల్ మాల్ట్‌కు బోర్బన్ పీపాలు, ఫ్రెంచ్ వైన్ పీపాలు, పెడ్రో హిమెనెజ్ షెర్రీ పీపాలు వాడుతున్నారు. అది బార్లీతో చేసిన విస్కీ, బోర్బన్ కాదు. అయినా వైన్ పీపా చేర్చే పండును, వగరును గుర్తుపట్టే సాధనకు పనికొస్తుంది. పరీక్షకు నిలబెట్టే ప్రశ్నా మారదు: పీపా తెచ్చిన రుచి కింద ధాన్యం రుచి ఇంకా తెలుస్తోందా?